మిషన్ కాంపౌండ్‌లో గెస్ట్‌హౌస్ కట్టాల, సర్వే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి (చిత్తూరు)

బంగళా_గేటు:

అందరికీ నమస్తే. మాది చిత్తూరు దగ్గర ఒక పాత మిషన్ కాంపౌండు, ఊరి పేరు ఈడ వద్దు గానీ తిరుపతి రోడ్డు నుంచి కొంచెం లోపలికి పోవాల. చర్చి, స్కూలు, మూతబడిన ఆస్పత్రి బిల్డింగు, దొరల కాలం నాటి బంగళా ఒకటి, మిగతాదంతా చింతమాన్లూ కంపలూ. అంతా కలిపి ఆరెకరాల చిల్లర. ఆస్తుల కమిటీలోకి నన్ను కొత్తగా తీసుకున్నారు, తీసుకున్న మొదటి మీటింగులోనే గెస్ట్‌హౌస్ పని నువ్వే చూడాల అని నెత్తిన పెట్టేసినారు.

ఎందుకు కట్టాలంటే వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రికీ, ఇటు రామాపురం దగ్గరున్న వాళ్ళ చిత్తూరు క్యాంపస్‌కీ వచ్చే పేషెంట్ల మనుషులు ఉండేదానికి చోటుందా అని మా పాస్టరు అయ్యగారికి ఫోన్లు చేస్తా ఉంటారు, ఇంక యూత్ రిట్రీట్లు, వీబీఎస్ (ఎండాకాలం సెలవుల బైబిల్ స్కూలు) టీచర్ల ట్రైనింగులు వస్తే స్కూల్లో బెంచీలు పక్కకు జరిపి చాపలేసి పడుకోబెడతా ఉండాం, ఆడపిల్లలకి బాత్రూములు చాలక ప్రతిసారీ అవస్థే. కమిటీ అనుకున్నది ఎనిమిది రూములు, ఒక హాలు, వంటిల్లు.

స్థలాలు రెండు చూసినాం. ఒకటి ముందర స్కూలు గ్రౌండు పక్కన, రోడ్డుకు దగ్గర, చదునుగా ఉంటుంది. రెండోది వెనకాల మిట్ట మీద, దానికి వేరే సర్వే నంబరు, రికార్డులో ఎకరా అని ఉంది, మిట్ట కింద చిన్న వంక (వాగు) పోతుంది. వెనకాల అయితే గాలి బాగుంటుంది, నాకు ఆ చోటే ఇష్టం.

ఇప్పుడు అసలు గొడవ. వెనక స్థలం ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే వాళ్ళ కొలతల పటం, తీసుకొచ్చి చూస్తే ఉత్తరం పక్క 350, దక్షిణం 362, తూర్పూ పడమరా 280 అని రాసుంది. టేపు పట్టి కొలిస్తే ఉత్తరం 231 అడుగులే వస్తా ఉంది. దక్షిణం కాంపౌండు గోడ ఎంబడి 226. కమిటీలో ఒక పెద్దాయన నూట ఇరవై అడుగులు పక్క రైతు మింగేసినాడని కేసు పెట్టేదానికి రెడీ అయిపోయినాడు. ఇంకొకాయన సర్వే ఎందుకు దండగ, ప్లాను నేను గీయించినాను అని ఇంటర్నెట్లోది ఏదో ప్రింటు తీసుకొచ్చినాడు. ఎవర్ని పిలవాల, ఏది ముందు చేయించాల, తెలిసినవాళ్ళు చెప్పండి.

పూతలపట్టు_మిట్ట:

ముందు బోరు వెయ్యండి. నీళ్ళు పడినాక మిగతాది మాట్లాడుకోవచ్చు. మన పక్క వెయ్యి అడుగులు దించినా దుమ్ము వచ్చిన చోట్లు చానా ఉండాయి.

లింకుగొలుసు:

తమ్ముడూ, నేను సర్వే డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఆ పెద్దాయన్ని కేసు వెయ్యనీకుండా అర్జెంటుగా ఆపు. ఎఫ్‌ఎంబీలో ఉండేవి అడుగులు కాదు, లింకులు. భూమి కొలిచే పాత గొలుసుకు 100 లింకులు, మొత్తం పొడుగు 66 అడుగులు. అంటే నీ 350ని 0.66తో గుణించు, సరిగ్గా 231 అడుగులు. పక్క రైతు ఒక్క అడుగు కూడా ముట్టుకోలేదు, పాపం ఆయనకు ఈ సంగతి తెలీకముందే కమిటీలో మాట సర్దుకోండి.

లింకుల్లో ఇంకో సుఖం ఏమంటే సెంట్లు నోటితోనే లెక్క కట్టొచ్చు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, లక్ష అయితే ఎకరా. నీది ఉత్తరం దక్షిణం సగటు 356, దాన్ని 280తో గుణిస్తే 99,680, అంటే 99 సెంట్ల ముప్పాతిక కాస్త తక్కువ. మూలలు సరిగా లేకుంటే కొంచెం తేడా వస్తుంది గానీ రికార్డులో ఎకరా అన్నావు గదా, సరిపోయింది. తిరుపతి పక్క మనుషులు అంకణాల్లో అడిగితే సెంటుకు 12.1 అంకణాలు, అంకణం 36 చదరపు అడుగులు. తిరుపతి దాటితే ఈ అంకణం కొలత మారిపోతుంది, బయట ఊరి కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు చదరపు అడుగుల్లోనే మాట్లాడు.

దక్షిణం పక్క మాత్రం చూడాల్సిందే. 362 లింకులంటే 239 అడుగులు, నీకు వచ్చింది 226. పదమూడు అడుగులు యాడికి పోయినాయి? గోడ ఎంబడి కొలిచినా అన్నావు గదా, అక్కడే ఉంది మర్మం. గోడ హద్దు కాదు. పాత కాంపౌండ్లలో గోడ కట్టేటప్పుడు మాను అడ్డం వచ్చిందనో, వంక ఒడ్డు జారతా ఉందనో లోపలికి జరిపి కట్టేస్తారు, ముప్పై ఏళ్ళకు ఆ గోడే హద్దని అందరూ నమ్మేస్తారు. రాయి వెతుకు. మూలల్లో సర్వే రాళ్ళు నాటి ఉంటారు, కంపల్లో పూడిపోయి ఉండొచ్చు, వంక పక్కది కొట్టుకుపోయి ఉండొచ్చు. ఒక్క మూల రాయి దొరికినా సగం పని అయినట్టే.

మీ ఊళ్ళో రీసర్వే అయిందా లేదా అనేది కూడా చెప్పు. 2020 డిసెంబర్‌లో మొదలుపెట్టిన భూహక్కు సర్వే అయిపోయిన ఊర్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు ఇచ్చినారు, కొలతలు మీటర్లలో ఉంటాయి. అయింటే రెండు మ్యాపులూ పక్కన పక్కన పెట్టుకుని చూడు, చానా చోట్ల ఇద్దరు ముగ్గురివి కలిపి ఒకే ఎల్‌పీఎం కింద వేసిన కేసులు ఉండాయి, అది ఇప్పుడే విడగొట్టించుకోవాల. కొత్త రాళ్ళ మీద అప్పటి సీఎం బొమ్మ గొడవ మనకొద్దు, రాయి ఉన్న చోటు కరెక్టా కాదా అదొక్కటే చూడు.

చెయ్యాల్సింది: గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఎఫ్‌లైన్ పిటిషన్ పెట్టు, అంటే హద్దులు చూపించమని అర్జీ. చుట్టుపక్కల రైతులకు నోటీసులు పోతాయి. ఆ రోజు వాళ్ళు వచ్చేట్టు నువ్వే స్వయంగా పోయి చెప్పిరా, నోటీసు చూసి మనుషులు బెదురుతారు, నోటి మాట చెప్తే వస్తారు. సర్వేయరు కొలిచినాక స్కెచ్ మీద వాళ్ళ సంతకాలు పడాల. ప్రైవేటు సర్వేయరును పెట్టుకుని ఎంత మంచి మెషీన్‌తో కొలిపించినా పక్కరైతు ఒప్పుకోకపోతే ఆ కాగితం చెల్లదు.

కచేరీవీధి:

సర్వే గురించి సార్ చెప్పేసినారు. నేను డాక్యుమెంట్ల పని చేస్తా కాబట్టి ఒక్క మాట. ఎకరా అని రికార్డులో ఉంది అన్నారు, ఎవరి పేరు మీద ఉంది? అడంగల్, వన్‌బీ (రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డులు) తీసి పట్టాదారు పేరు రాసే గడి చూడండి. మిషన్ భూముల్లో ఎప్పుడో పోయిన దొర పేరో, సూపరింటెండెంట్ అని ఉత్త పదవి పేరో అట్లనే ఉండిపోయినవి నేను చూసినా. మీ మిషన్ ఏదో మీరు చెప్పలేదు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ వారిది అయితే 1947లో సీఎస్ఐ ఏర్పడినాక ఆస్తులు ట్రస్ట్ అసోసియేషన్ పేరుకు మారుతూ వచ్చినాయి, అట్లాంటి చోట అయ్యగారూ లోకల్ కమిటీ ఓనర్లు కారు, ప్లాను అప్రూవల్‌కు సంతకం పెట్టాల్సింది ట్రస్టు పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్ళు. ముందు వాళ్ళ తీర్మానం తెచ్చుకోకుండా పునాది తీస్తే రేపు మీ సంఘంలోనే ఎవరో ఒకరు స్టే తెస్తారు.

పాత దస్తావేజు దొరకలేదు అంటే ఈడ మాత్రమే వెతకొద్దు. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. దానికి ముందు మన చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటులో ఉండేవి, మదనపల్లి, వాయల్పాడు కడపలో. కాబట్టి అంతకన్నా పాత కాగితమైతే అది తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండొచ్చు, నకలు వేలూరులోనో చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనో వెతకాల్సి రావచ్చు. కార్వేటినగరం, పుంగనూరు మాదిరి జమీందారీ ఊర్లయితే కథ ఇంకా పెద్దది.

ఇంకొకటి, కొన్నదా, ఇనాంగా వచ్చిందా, గవర్నమెంటు ఆస్పత్రి కోసమని ఇచ్చిందా? ఇచ్చింది అయితే ఆ ఆర్డరులో షరతు ఉంటుంది. ఆస్పత్రికి ఇచ్చిన స్థలంలో రూములు కట్టి డబ్బులు తీసుకుంటా ఉండారని ఎవరన్నా కలెక్టరుకు అర్జీ పెడితే సమాధానం ఉండాల. 22ఏ లిస్టులో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల లిస్టులో, మీ నంబరు ఉందేమో రిజిస్ట్రేషన్ వాళ్ళ సైటులో చూసుకోండి, ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) తీయండి. ఫారిన్ డబ్బులు వస్తాయనుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాల, 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు ఇచ్చేది కుదరదు. అమెరికా పౌరుడైన మా బంధువు పంపిస్తాడు అని కమిటీలో ఎవరైనా లేస్తే కూర్చోబెట్టండి.

ప్లాను ఎవరికి పెట్టాలనేది మీ పంచాయతీ తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) కిందికి వస్తుందా చుడా (చిత్తూరుది) కిందికి వస్తుందా చూసుకుని పొండి.

బంగళా_గేటు:

లింకుగొలుసు సార్, మీకు దండం. లింకుల సంగతి పెద్దాయనకు చెప్పినా, నేను ముందే అనుకున్నా అన్నాడు. సరే.

ఊళ్ళో రీసర్వే ఇంకా కాలేదు. నిన్న స్కూలు పిల్లోళ్ళు కంపల్లో ఒక రాయి చూపించినారు, గోడకు బయట, వంక పక్కన. మీరు చెప్పినట్టే గోడ లోపలికి జరిపి కట్టినట్టుంది. పట్టా ట్రస్టు పేరు మీదనే ఉంది, అదొక్కటి నెమ్మది.

ఇంకొకటి చెప్పలేదు. వెనక ఎస్సీ కాలనీ నుంచి స్కూలుకూ బస్టాపుకూ వచ్చేవాళ్ళు ఆ మిట్ట మీదుగానే అడ్డంగా నడిచి వస్తారు, మా నాయన చిన్నప్పటి నుంచీ ఉండే దోవ. ఎవరన్నా పోతే శవాన్ని కూడా ఆ దోవనే తీసుకుపోతారు. ప్లాను గీసినాయన ఆ దోవ మూసేసి చుట్టూ ఫెన్సింగ్ వేద్దాం, గెస్టులకు ప్రైవసీ ఉండాల అంటాడు. నాకైతే మనసు ఒప్పలేదు. చట్టప్రకారం ఎట్లా?

లింకుగొలుసు:

మనసే కాదు, చట్టం కూడా ఒప్పదు. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం అని ఒకటుంది. ఇరవై ఏళ్ళు అడ్డం లేకుండా, అందరూ చూస్తుండగా, హక్కుగా నడిచిన దోవ మీద వాళ్ళకు హక్కు వస్తుంది. మీరు దయతలచి నడవనిచ్చినారా, వాళ్ళు హక్కుగా నడిచినారా అని కోర్టులో లాయర్లు వాదించుకుంటారు గానీ, మిషన్ కాంపౌండు వాళ్ళు కాలనీ వాళ్ళ శవాల దోవ మూసినారు అనే మాట పేపర్లో వచ్చినాక కోర్టులో గెలిచి ఏం చేస్తారు? ఆ కాలనీలో సగంమంది మీ సంఘంలోనే ఉంటారు గదా.

నా అనుభవంలో గ్రామాల్లో కొట్లాటలు పొలం విస్తీర్ణం మీద తక్కువ, దోవల మీద ఎక్కువ. ఎఫ్‌ఎంబీలో ఆ దోవ ఉండదు, ఊరి మ్యాపులో చుక్కల గీత ఉంటే ఉండొచ్చు, అది ఒకసారి తీసి చూడు. లేకపోయినా సర్వే చేసేటప్పుడు ఆ దోవ నడుమ గీత కూడా కొలిపించి డ్రాయింగులో వేయించు. శవాన్ని మోసే నలుగురూ పక్కపక్కన పట్టేంత వెడల్పు వదలాల, పది పన్నెండు అడుగులు. డ్రాయింగులో దోవ కనిపిస్తే ఇంజినీరు బిల్డింగును అదే తప్పిస్తాడు, కనిపించకపోతే సరిగ్గా దాని మీదనే సెప్టిక్ ట్యాంక్ పెడతాడు. అంతగా అవసరమైతే దోవను మిట్ట అంచుకు జరపొచ్చు, అదీ కాలనీ పెద్దలను పిలిచి వాళ్ళతో నడిపించి, వాళ్ళు సరే అన్నాకే.

రేణిగుంట_లెవెల్:

ఆలస్యంగా చూసినా. తిరుపతిలో సైట్ ఇంజినీరుని. పైన చెప్పిన సర్వే హద్దుల సర్వే, అది కాగితం కోసం. బిల్డింగు కోసం చేయించాల్సింది వేరే, లెవెల్స్ (నేల ఎత్తుపల్లాలు) తీసే సర్వే. మనవాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుంటారు, హద్దు రాళ్ళు నాటించి సర్వే అయిపోయింది ప్లాను గీయండి అంటారు, ప్లాను వచ్చినాక వర్షాకాలంలో పోర్టికోలో మోకాళ్ళ లోతు నీళ్ళు.

టోటల్ స్టేషన్ (దూరాలూ ఎత్తులూ కొలిచే మెషీన్) ఉన్నవాళ్ళను పిలిపించి ఆరెకరాలూ ఒకేసారి చేయించేయండి, గెస్ట్‌హౌస్ చోటు ఒక్కటే చేయిస్తే రేపు రోడ్డుకో డ్రైనుకో మళ్ళా పిలవాల. కట్టే చోట ఐదు మీటర్లకు ఒక పాయింట్, మిగతా చోట పది మీటర్లకు ఒకటి. చర్చి మెట్టునో, కదలని ఏదైనా రాతినో బెంచ్‌మార్కుగా పెట్టుకోమనండి, పెయింటుతో గుర్తు వేయించండి, అన్ని లెవెల్స్ దాంతోనే చెప్పాల. పెద్ద మాన్లు, బావి, సమాధులు ఉంటే అవి, కరెంటు స్తంభాలు, కల్వర్టు అడుగు, వంక ఒడ్డు, వంక అడుగు, ఆ దోవ, అన్నీ రావాల. పీడీఎఫ్ ఒక్కటి ఇచ్చి పోతామంటే ఒప్పుకోవద్దు, డ్రాయింగ్ ఫైల్ కూడా తీసుకోండి.

మెషీన్ చెప్పనిది ముసలోళ్ళు చెప్తారు. 2021 నవంబర్‌లో వాన పడినప్పుడు నీళ్ళు యాడిదాకా వచ్చినాయో కాలనీలో అడిగి ఆ గుర్తు మీద కూడా పాయింట్ కొట్టించండి. ఆ నవంబర్ ఎవరు మర్చిపోతారు, తిరుపతిలో వీధులు వాగులైనాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందని కింది ఊర్లు ఖాళీ చేయించినారు. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫానులతో వస్తాయి, జూన్‌లో స్థలం చూసి వంక ఎండిపోయింది గదా అనుకోవద్దు. వంక మీ పట్టా లోపల ఉందా, వేరే నంబరుతో పోరంబోకుగా ఉందా అనేది కూడా ఎఫ్‌లైన్ రోజే తేల్చుకోండి, పోరంబోకు అయితే దాన్నుంచి బఫర్ వదలాల, రూలు ఎంత చెప్తే దానికన్నా ఇంకాస్త ఎక్కువే వదలండి.

ఇంక మీ రెండు స్థలాల మాట. వెనక మిట్ట మీకు ఇష్టం అన్నారు, పునాదికి నాకూ ఇష్టమే, గరుసు కింద రాయి తగిలేస్తుంది, లోతు తీయక్కర్లేదు. కానీ అదే రాయి సోక్ పిట్‌కు, అంటే మురుగునీళ్ళు ఇంకే గుంతకు, శత్రువు. ఎనిమిది రూములకు పదహారు మంది అనుకున్నా, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 2,160 లీటర్లు, రిట్రీట్ వస్తే దానికి రెట్టింపు. అన్ని నీళ్ళు రాతిలో ఇంకవు, పైకి ఊరి మిట్ట కింద బావిలోకి దిగుతాయి. సోక్ పిట్‌కూ తాగే బావికీ కనీసం 18 మీటర్ల దూరం అంటారు, రాతి నేలలో పగుళ్ళు ఉంటే నన్నడిగితే ఆ దూరం కూడా చాలదు. అందుకని ప్లాను గీయక ముందే రెండు చోట్లా జేసీబీతో ఆరడుగుల గుంత తీయించండి, సోక్ పిట్ అనుకున్న చోట గుంత అడుగున అడుగు లోతు చిన్న గుంత చేసి ముందురోజు నీళ్ళు పోసి నానబెట్టి, మరుసటి రోజు మళ్ళా పోసి ఎంతసేపట్లో దిగుతుందో గడియారం పెట్టి చూడండి. జేసీబీ బాడుగ తప్ప రూపాయి ఖర్చు లేని టెస్టు, మన పక్క ఎవరూ చెయ్యరు.

కరెంటు లైను పోతుంటే దాన్నీ చూసుకోండి, 11 కేవీ అయితే పక్కకు 1.2 మీటర్లు, 33 కేవీ అయితే 2 మీటర్లు వదలాల, అది కూడా తీగ ఊగినప్పుడు లెక్క.

బిల్డింగ్ పొడుగు తూర్పు పడమరలకు పెట్టించండి, పడమటి గోడకు రూము ఆనకుండా స్టోరో మెట్లో పెట్టించండి, మే నెలలో ఆ తేడా తెలుస్తుంది. మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలయింది, ఏసీలు లేని కాలంలో గాలినీ వెలుతురునూ నమ్ముకుని కట్టిన చోటు. మిషన్ వాళ్ళకు మిషన్ వాళ్ళదే ఉదాహరణ, ఒకసారి పోయి చూసి రండి.

చంద్రగిరి_చల్లగాలి:

ఇంత ఎందుకు, ఉన్న బంగళానే బాగుచేసుకుంటే పోలా? పాత గోడలు, చల్లగా ఉంటాయి, ఫారినోళ్ళకు అదే ఇష్టం.

రేణిగుంట_లెవెల్:

అన్నా, మంచి మాటే గానీ మద్రాస్ టెర్రస్ (కొయ్య దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన) పైకప్పు అయితే ముందు దూలాలకు చెదలు ఉందేమో మనిషి ఎక్కి చూడాల. పైన సిమెంటు పూసేసి ఉంటే ఇంకా అనుమానం, సున్నం గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు దొరకడమే కష్టం. రెండు రూములకు పనికొస్తుంది, ఎనిమిదికి రాదు.

అరగొండ_అక్క:

నేను ఒక రిట్రీట్ సెంటర్లో చాన్నాళ్ళు వార్డెన్‌గా చేసినా. పైన అందరూ మగవాళ్ళే మాట్లాడినట్టున్నారు, నేల గురించే మాట్లాడినారు, ఆ రూముల్లో పడుకునేది ఎవరని ఎవరూ అడగలేదు.

బంగళా_గేటు తమ్ముడూ, మీకు వచ్చేవాళ్ళు రెండు రకాలు. ఆస్పత్రికి వచ్చేవాళ్ళు వారాల తరబడి ఉంటారు, బెంగాల్ నుంచీ ఈశాన్యం నుంచీ వచ్చేవాళ్ళు చానామంది, వాళ్ళకు మన సాంబారు పడదు, సొంతంగా వండుకునే చోటు ఉంటే చాలు రూము ఎట్లున్నా సర్దుకుంటారు. తెల్లవారక ముందే ఆటో దొరకాల, ఓపీకి పోవాల. రిట్రీట్ వాళ్ళు శనాదివారాలు వస్తారు, అరవై మంది వస్తారు, రూములతో పనిలేదు, హాలూ బాత్రూములూ కావాల. ఈ ఇద్దరికీ కలిపి ఎనిమిది అటాచ్డ్ రూములు కడితే ఇద్దరికీ సరిపోదు. నన్నడిగితే మొదట నాలుగు రూములు, రూముకొక చిన్న వంటగట్టు, పక్కన విడిగా డార్మిటరీ, దానికి ఆడవాళ్ళకు ఎక్కువ బాత్రూములు. మిగతా నాలుగు తర్వాత కట్టేదానికి చోటు వదిలిపెట్టండి, పిల్లర్లకు కడ్డీలు బయటికి వదిలి మాత్రం పెట్టొద్దు, తుప్పు పట్టి చూసేదానికి అసహ్యం.

ఇంజినీరు తమ్ముడు నేల లెక్క చెప్పినాడు, నేను మనుషుల లెక్క చెప్తా: నాకు ముందర స్థలమే ఇష్టం. వెనక మిట్ట మీద గాలి ఉంటుంది, నిజమే, కానీ రాత్రి పదిగంటలకు వేలూరు బస్సు దిగి ఒక ఆడమనిషి, వీల్‌చైర్లో అత్త, సంచులు, ఆ చీకట్లో స్కూలు దాటి బంగళా దాటి ఎట్లా పోతుంది? వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు గేటు దగ్గర. మిట్ట ఎక్కేదానికి ర్యాంపు అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాల, బిల్డింగు పీఠమే అడుగున్నర ఉంటే దానికే పద్దెనిమిది అడుగులు, మిట్ట ఎత్తు దానికి అదనం. ఆస్పత్రి మనుషుల కోసం కట్టేటప్పుడు ఇది మొదట్లో చూడాలి గానీ చివర్లో కాదు.

దుప్పట్లు ఆరేసే చోటు కూడా ప్లానులో వేయించండి, ఎండ తగిలే చోట, రోడ్డుకు కనిపించకుండా. ఆర్కిటెక్టులు దీన్ని ఎప్పుడూ వెయ్యరు, తర్వాత టెర్రస్ మీదికి తడి దుప్పట్లు మోసేది పనిమనిషి. ఇంక విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్లో వివరాలు ఇవ్వాల, మేమంతా ఫారం సి అనే అంటాం, ఆ పని చేసేదానికి ఒక మనిషి, ఒక కంప్యూటరు, రిసెప్షన్ అని పేరు పెట్టకపోయినా ఒక బల్ల ఉండే చోటు కావాల.

రేణిగుంట_లెవెల్:

అక్కా, ఒప్పుకున్నా. అయితే ముందర స్థలం చదునుగా ఉంది అన్నారు గదా, చదును అంటేనే నాకు భయం, నీళ్ళు నిలిచేది ఆడే. లెవెల్స్ వచ్చినాక రోడ్డు ఎత్తుతో పోల్చి చూడాల. మన రోడ్లు తారు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతాయి, ఇప్పటి రోడ్డుకు రెండడుగులు పైన పీఠం పెట్టుకుంటే గానీ పదేళ్ళ తర్వాత నీళ్ళు లోపలికి రాకుండా ఉండవు, రెండడుగులంటే మీరు చెప్పిన ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు. చోటు ఉంది గనక పర్వాలేదు. మురుగుకు మాత్రం ముందర స్థలం బాగుంటుందనే నా ఊహ, మన్ను మందంగా ఉంటుంది, కానీ స్కూలు బోరు యాడుందో చెప్పండి.

పూతలపట్టు_మిట్ట:

నేను మొదటే చెప్పినా, బోరు.

బంగళా_గేటు:

అందరికీ చానా థాంక్స్. స్కూలు బోరు గ్రౌండుకు ఉత్తరం మూలన ఉంది, గెస్ట్‌హౌస్ దక్షిణం పక్కకు జరిపితే దూరం వస్తుంది అనుకుంటా, కొలిపిస్తా. వెనక మిట్ట మీద ఇష్టం కొంచెం తగ్గింది, అరగొండ అక్క రాసింది మా అమ్మకు చదివి వినిపిస్తే ఇన్నాళ్ళూ మీ కమిటీలో ఒక్క ఆడమనిషి ఎందుకు లేదు అని అడిగింది, సమాధానం లేదు నా దగ్గర.

నేను కమిటీలో పెట్టబోయేది ఇదీ: ముందు ట్రస్టుకు లెటర్, ఎఫ్‌లైన్ అర్జీ రెండూ ఒకేసారి, లెవెల్స్ సర్వే మొత్తం కాంపౌండుకు, రెండు చోట్లా గుంతలు, దోవ ఎట్లుందో అట్లనే. ఇంటర్నెట్ ప్లాను ఆయనకు కోపం వస్తుంది, దానికి ఏం చెప్పాలో ఇంకా తెలీదు. ఎఫ్‌లైన్ రోజు మేము ఏమేమి రెడీగా పెట్టుకోవాల సార్?

లింకుగొలుసు:

ప్లాను ఆయనకు ఆ రోజు టేపు ఒక కొస పట్టుకునే పని ఇయ్యి, కోపం తగ్గుతుంది.

ఎఫ్‌ఎంబీ నకలు, అడంగల్, ట్రస్టు వాళ్ళు నీకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటరు చేతిలో పెట్టుకో. సున్నం ఒక బస్తా, మేకులు, ఒక సుత్తి, నాటేదానికి రాళ్ళు ముందే తెచ్చి పెట్టు, సర్వేయరు మూల చూపించి పోయినాక రేపు నాటుదాం అనుకుంటే ఆ మేకు రాత్రికి ఉండదు. రోవర్‌తో (శాటిలైట్ సిగ్నల్‌తో కొలిచే మెషీన్) వస్తాడు గనక పెద్ద చింతమాను కింద ఉండే మూలల్లో సిగ్నల్ సరిగా అందకపోవచ్చు, అట్లాంటి చోట పక్క పాయింట్ల నుంచి టేపుతో కూడా సరిచూడమను. పక్కరైతులకు టీ, టిఫిను మీదే. ముఖ్యంగా హద్దు ఎంబడి కంపలు ముందురోజే కొట్టించి పెట్టు, వంక పక్క మరీ ముఖ్యం. కంపలు చూస్తే సర్వేయరు ఇంకో రోజు వస్తా అని బండెక్కేస్తాడు, ఆ ఇంకో రోజు ఎప్పుడొస్తుందో నేను డిపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు కూడా చెప్పలేకపోయేవాణ్ణి.